తొమ్మిది యుటిలిటీ ప్యాకేజీలకు తొమ్మిది రెపోలు: అన్నిటినీ ఒకే చోటికి తేవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొండాపూర్‌లో ఆరుగురు ఫ్రంటెండ్ టీమ్. తేదీలకు ఒక ప్యాకేజీ (వేరే కోడ్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని వాడుకునే కోడ్ కట్ట), రూపాయల ఫార్మాటింగ్‌కు ఒకటి, పాన్, ఐఎఫ్‌ఎస్‌సీ లాంటివి సరిచూడ్డానికి ఒకటి, ఏపీఐ కాల్స్‌కు ఒకటి, రియాక్ట్ హుక్స్‌కు (స్క్రీన్లు కట్టే రియాక్ట్ లైబ్రరీలో వాడే ఫంక్షన్లు) ఒకటి, కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ సెట్టింగ్స్‌కు ఒకటి... ఇలా తొమ్మిది, ప్రతిదానికీ విడి రెపో, అంటే కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ ఉంచే చోటు. వాడుకునే యాప్‌లు నాలుగు. చిన్న మార్పుకు కూడా మూడు నాలుగు పీఆర్‌లు (మార్పును రివ్యూకు పెట్టే పుల్ రిక్వెస్టులు) పెట్టాల్సి వస్తోంది. అన్నీ ఒకే రెపోలో పెడదామంటే మీ లీడ్ ఎన్‌ఎక్స్ అంటున్నారు, ఇంకొకరు టర్బోరెపో అంటున్నారు, మూడో ఆయన అసలే వద్దంటున్నారు. (ఎన్‌ఎక్స్, టర్బోరెపో రెండూ ఒకే రెపోలోని ప్యాకేజీల బిల్డ్‌లు, టెస్టులు నడిపే పనిముట్లు.)

పెట్టండి. తొమ్మిదీ ఒకే రెపోలోకి తెచ్చేయండి. ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పీఎన్‌పీఎంలోని వర్క్‌స్పేస్‌లు, వెర్షన్ల కోసం చేంజ్‌సెట్స్, ఈ రెండూ మీకు చాలు. ఎన్‌ఎక్స్ కావాలా, టర్బోరెపో కావాలా అన్న గొడవ ఆరు నెలలు పక్కన పెట్టండి. నాలుగు యాప్‌లనూ మొదటి రోజే లాక్కురాకండి. ఒక్క షరతు మాత్రం ఉంది. ఒకే రెపోలో ఉన్నా సరే, ప్రతి ప్యాకేజీనీ ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఇన్‌స్టాల్ చేసుకుంటాడు అనుకునే రాయాలి. అపార్ట్‌మెంట్ ఒకటే, ఎవరి కరెంటు మీటర్ వాళ్లది. ఈ మీటర్ల సంగతి పట్టించుకోకుండా ఇళ్లు మాత్రం కలిపేస్తే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను కాబట్టే ఇంత పొడవు రాస్తున్నాను.

నేను పద్నాలుగేళ్లుగా మాదాపూర్, గచ్చిబౌలి మధ్యే తిరుగుతూ ఫ్రంటెండ్ పని చేస్తున్నాను. ఈ తరలింపు రెండు కంపెనీల్లో చేశాను. మొదటిసారి చేసినదాన్ని చూసి ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

ముందు, ఎందుకు కలపమంటున్నానో చెబుతాను. మా తేదీల ప్యాకేజీలో ఒక ఫంక్షన్ ఉండేది. యూజర్ క్యాలెండర్‌లో ఎంచుకున్న తేదీని సర్వర్‌కు పంపేందుకు అక్షరాల్లోకి మార్చడం దాని పని. రాసినవాళ్లు జావాస్క్రిప్ట్‌లోని టూ ఐఎస్‌ఓ స్ట్రింగ్ మెథడ్ వాడి, మొదటి పది అక్షరాలు కత్తిరించారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ ఆ మెథడ్ తేదీని యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి, మారుస్తుంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ ఏప్రిల్ 1 అర్ధరాత్రి 12 అంటే అక్కడ ఇంకా మార్చి 31 సాయంత్రం 6:30. అంటే యూజర్ ఏప్రిల్ 1 నొక్కితే సర్వర్‌కు మార్చి 31 వెళ్తుంది. మామూలు రోజుల్లో అయితే ఒక రోజు తేడా అని సర్దుకునేవాళ్లేమో. ఏప్రిల్ 1 కాబట్టి రిపోర్టు ఏకంగా పాత ఆర్థిక సంవత్సరంలో పడింది. అకౌంట్స్ వాళ్లు ఊరుకుంటారా?

సరిచేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది. తేదీల ప్యాకేజీలో పీఆర్, రివ్యూ, కొత్త వెర్షన్ పబ్లిష్. దాన్ని వాడే ఫారమ్స్ ప్యాకేజీలో వెర్షన్ పెంచుతూ ఇంకో పీఆర్, మళ్లీ పబ్లిష్. ఆ పైన ఒక్కో యాప్‌లో ఒక్కో పీఆర్. మూడు యాప్‌లు ఆ వారంలోనే తెచ్చుకున్నాయి. నాలుగో యాప్ చూసుకునే అబ్బాయి సెలవులో ఉన్నాడు. మూడు వారాల తర్వాత అదే బగ్ అదే అకౌంట్స్ టీమ్ నుంచి మళ్లీ వచ్చింది. "మీరు ఫిక్స్ చేశామన్నారు కదా?" అని మెయిల్. చేశాం. ఎక్కడ చేశాం, అది ఎంతదాకా పోయింది అన్నది మాలో ఒక్కరికీ పూర్తిగా తెలియదు.

ఒకే రెపోలో ఉంటే తేదీల ఫంక్షన్, దాన్ని పిలిచే ఫారమ్స్ కోడ్, రెండింటి టెస్టులు ఒకే పీఆర్‌లో మారతాయి. రివ్యూ చేసేవాళ్లకు మార్పు మొత్తం ఒకచోట కనిపిస్తుంది. ఏదైనా విరిగితే మెర్జ్ కాకముందే, అంటే అసలు కోడ్‌లో కలవకముందే విరుగుతుంది. మోనోరెపో (ఇలా అన్నీ ఒకే రెపోలో పెట్టడం) వల్ల లాభం ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీని వెనక వచ్చేవే.

"గూగుల్ అంతా ఒకే రెపో కదా" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, సిద్ధంగా ఉండండి. నిజమే, దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్, 86 టెరాబైట్లు ఒకే రెపోలో ఉన్నాయని 2016లో గూగుల్ ఇంజినీర్లే రాశారు. కానీ దాన్ని మోయడానికి వాళ్లు సొంతంగా కట్టుకున్న పనిముట్లు వేరు. మీ తొమ్మిది ప్యాకేజీలకూ దానికీ పోలికే లేదు. ఆ వాదనతో ఒప్పించకండి, ఓడించనూ వద్దు.

పీఎన్‌పీఎమే ఎందుకు

వర్క్‌స్పేస్‌లు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి. పీఎన్‌పీఎం లాంటివే అయిన యార్న్‌లో 2017 నుంచి, ఎన్‌పీఎంలో 7వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి. అంతకుముందు ఈ పనికి ఎక్కువమందికి లెర్నానే దిక్కు. కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే బేబెల్ ప్రాజెక్టు తన సొంత ప్యాకేజీల కోసం రాసుకున్నదాన్నే విడదీసి లెర్నాగా బయటపెట్టారు. వర్క్‌స్పేస్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. రెపో మొదట్లో ఒక ఫైల్‌లో "ప్యాకేజీలు ఈ ఫోల్డర్‌లో ఉన్నాయి" అని రాస్తారు. ఇన్‌స్టాల్ కొట్టగానే ఒక ప్యాకేజీ నోడ్ మాడ్యూల్స్‌లో (ఇన్‌స్టాల్ చేసినవి ఉండే ఫోల్డర్) ఇంకో ప్యాకేజీకి సిమ్‌లింక్, అంటే దారి చూపే షార్ట్‌కట్ పడుతుంది. మీరు తేదీల ప్యాకేజీలో ఒక లైన్ మారిస్తే ఫారమ్స్ ప్యాకేజీ వెంటనే దాన్నే చూస్తుంది. ప్యాకేజీలను చేత్తో జతచేసే ఎన్‌పీఎం లింక్ కమాండ్‌తో కుస్తీ పట్టిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

నేను పీఎన్‌పీఎం అనడానికి కారణం వేగం కాదు, దాని కఠినత్వం. ఎన్‌పీఎం, పాత యార్న్ డిపెండెన్సీలను (ప్యాకేజీకి కావాల్సిన ఇతర ప్యాకేజీలను) దాదాపు అన్నిటినీ ఎత్తి రెపో పైభాగంలోని ఒకే నోడ్ మాడ్యూల్స్‌లో పోస్తాయి. అందువల్ల మీ ప్యాకేజీ తన వివరాల ఫైల్ అయిన ప్యాకేజ్.జేసన్‌లో రాసుకోని లైబ్రరీని కూడా ధైర్యంగా ఇంపోర్ట్ చేసుకోగలదు, పక్కవాడు తెచ్చుకున్నాడు కాబట్టి. పీఎన్‌పీఎం అలా కాదు. రాసుకున్నదే కనిపిస్తుంది, రాసుకోనిది కనిపించదు.

మా మొదటి తరలింపులో యార్న్ వాడాం. ఏపీఐ కాల్స్ ప్యాకేజీలో ఒకచోట లోడాష్ అనే లైబ్రరీ వాడారు, డిపెండెన్సీల్లో మాత్రం రాయలేదు. రెపోలో టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి. పబ్లిష్ చేశాం. బయటి యాప్‌లో ఇన్‌స్టాల్ చేస్తే "మాడ్యూల్ దొరకలేదు" అని బిల్డ్ పడిపోయింది. కొత్తగా చేరిన కుర్రాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాంతోనే కూర్చున్నాడు. "అన్నా, నా దగ్గర మంచిగనే నడుస్తుంది, సర్వర్‌ల ఎందుకు పడ్తదో సమజైతలేదు" అని నాలుగుసార్లు అన్నాడు. వాడి దగ్గర ఎందుకు నడుస్తుందో నాకు కూడా ఆ సాయంత్రం దాకా తట్టలేదు.

రియాక్ట్ విషయంలో ఒక జాగ్రత్త

మీ హుక్స్ ప్యాకేజీలో రియాక్ట్ ఎక్కడ రాసి ఉందో ఇవాళే తెరిచి చూడండి. డిపెండెన్సీస్ కింద ఉంటే తీసేసి పీర్ డిపెండెన్సీస్ కిందకు మార్చండి, అంటే 'వాడుకునే యాప్ దగ్గర ఉన్నదే నాకు చాలు' అని చెప్పే జాబితాలోకి. టెస్టుల కోసం డెవ్ డిపెండెన్సీస్‌లో ఇంకోసారి రాసుకోవచ్చు, కానీ ఆ వెర్షన్, యాప్ వాడే వెర్షన్ ఒకటే కావాలి. లేకపోతే ఒకే పేజీలోకి రెండు రియాక్ట్‌లు వస్తాయి. యాప్ ఒక కాపీతో రెండర్ చేస్తుంటుంది, మీ హుక్ ఇంకో కాపీని అడుగుతుంది. "ఇన్‌వాలిడ్ హుక్ కాల్" అని ఎర్రటి ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్ మొదట చెప్పే కారణాలు చదివి అందరూ హుక్‌ను తప్పుగా పిలిచామేమో అని కోడ్ అంతా తవ్వుతారు. నేనూ తవ్వాను, రిలీజ్ ముందు రోజు రాత్రి, క్యాబ్ వాడు కింద హారన్ కొడుతుండగా. కోడ్‌లో తప్పేమీ లేదు. హుక్స్ ప్యాకేజీ దగ్గర 17 ఉంది, యాప్‌లో 18 ఉంది, అంతే.

వెర్షన్లు ఇలా చెదిరిపోకుండా పీఎన్‌పీఎం 9.5 నుంచి క్యాటలాగ్స్ అని ఒకటి వచ్చింది. రియాక్ట్, టైప్‌స్క్రిప్ట్ లాంటి వాటి వెర్షన్ ఒకేచోట రాసి, ప్యాకేజీలన్నీ "క్యాటలాగ్‌లో ఉన్నదే నాకూ" అని చెప్పుకుంటాయి. టైప్‌స్క్రిప్ట్ పెంచాలంటే ఒక్క లైన్ మారుతుంది. మొదటి రోజు నుంచే వాడండి.

తలుపు ఒకటే ఉంచండి

ఒకే రెపోలో ఉన్నప్పుడు అందరికీ ఒక దురలవాటు వస్తుంది. పక్క ప్యాకేజీలో ఒక చిన్న ఫంక్షన్ కనిపిస్తుంది. అది బయటికి ఎక్స్‌పోర్ట్ చేసి ఉండదు. అయినా ఫోల్డర్ దారి పట్టుకుని నేరుగా లోపలి ఫైల్ నుంచి ఇంపోర్ట్ చేసేస్తారు. ఎడిటర్ కూడా ఆ దారినే సూచిస్తుంది, ఇంకా సులువు. ఏడాది తర్వాత ఆ ఫైల్ పేరు మార్చబోతే ఆరు చోట్ల విరుగుతుంది. అప్పుడు తొమ్మిది ప్యాకేజీలున్నట్టు పేరుకే, లోపల ఒకటే ముద్ద.

దీనికి మందు రెండు మాటల్లో చెబుతాను. ప్యాకేజ్.జేసన్‌లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫీల్డ్ రాయండి. అందులో పేర్కొన్న దారులు తప్ప మిగతా లోపలి ఫైళ్లు ప్యాకేజీ పేరుతో అడిగినా దొరకవు. ఇక చుక్కలు, స్లాష్‌లు పెట్టుకుంటూ పక్క ఫోల్డర్‌లోకి దూరే ఇంపోర్ట్‌లను ఈఎస్‌లింట్ రూల్‌తో ఆపండి. రివ్యూలో పట్టుకుంటాంలే అనుకోకండి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి వచ్చిన పీఆర్‌ను ఎంత శ్రద్ధగా చూస్తామో మనకు తెలియంది కాదు.

వెర్షన్లు: అసలు తలనొప్పి ఇక్కడే

అన్నిటికీ ఒకే వెర్షనా, దేనిది దానికా అని అడిగారు. మీ యాప్‌లు బయట ఉన్నంతకాలం దేనిది దానికే పెట్టండి. తేదీల ప్యాకేజీలో బగ్ సరిచేస్తే ఈఎస్‌లింట్ సెట్టింగ్స్ వెర్షన్ పెరగడంలో అర్థం లేదు. అందరికీ ఒకే వెర్షన్ అన్నది ఒక ఉత్పత్తిలాగా కలిసి వెళ్లే లైబ్రరీలకు సరిపోతుంది. డిజైన్ సిస్టమ్ ఉంటే దానికి బాగుంటుంది. సంబంధం లేని యుటిలిటీలకు కాదు.

చేంజ్‌సెట్స్ ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ టీమ్ అలవాటు మార్చుకోవాల్సింది ఇక్కడే. పీఆర్ పెట్టేవాళ్లు ఒక కమాండ్ నడుపుతారు. ఏ ప్యాకేజీలు మారాయి, మార్పు చిన్నదా, కొత్త ఫీచరా, పాతవాళ్ల కోడ్ విరిగేదా అని అడుగుతుంది. ఒక వాక్యం రాయమంటుంది. దాంతో చేంజ్‌సెట్ అనే ఫోల్డర్‌లో ఒక చిన్న మార్క్‌డౌన్ ఫైల్ పుడుతుంది, ఏవేవో మూడు ఇంగ్లిష్ మాటలు కలిపిన తమాషా పేరుతో. ఆ ఫైల్ కూడా పీఆర్‌లో భాగమే, దాన్నీ రివ్యూ చేస్తారు. మెర్జ్ అయిన ఫైళ్లన్నీ అక్కడ పోగవుతుంటాయి. రిలీజ్ రోజున ఇంకో కమాండ్ ఆ ఫైళ్లన్నీ చదివి వెర్షన్లు పెంచి, చేంజ్‌లాగ్ రాసి, ఫైళ్లను తుడిచేస్తుంది. ఇది గిట్‌హబ్ యాక్షన్‌గా (గిట్‌హబ్‌లో దానంతటదే నడిచే పనిగా) పెట్టుకుంటే "ఇప్పుడు రిలీజ్ చేస్తే ఇవీ మారేవి" అని ఒక పీఆర్ ఎప్పుడూ తెరిచి ఉంటుంది. దాన్ని మెర్జ్ చేయడమే రిలీజ్.

దీంతో ఏం ఒరుగుతుంది అంటే, "ఇది పాతవాళ్ల కోడ్ విరగ్గొడుతుందా?" అన్న ప్రశ్న కోడ్ రాసినవాడికి అది బుర్రలో తాజాగా ఉన్నప్పుడే ఎదురవుతుంది. రిలీజ్ రోజున ఎవరో ఒకరు నలభై కమిట్లు చదువుతూ ఊహించక్కర్లేదు.

ఇందులో నేను దెబ్బతిన్న మూడు చోట్లు చెబుతాను.

ఒకటి, లోపలి డిపెండెన్సీలను "వర్క్‌స్పేస్" అనే ముందుమాటతో రాస్తాం కదా, పీఎన్‌పీఎంతో పబ్లిష్ చేస్తే అది అసలు వెర్షన్ నంబర్‌గా మారి వెళ్తుంది. అలవాటు కొద్దీ ఎన్‌పీఎం పబ్లిష్ కొడితే ఆ మాట అలాగే రిజిస్ట్రీలోకి (పబ్లిష్ చేసిన ప్యాకేజీలు ఉండే చోటికి) పోతుంది. ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు అదేమిటో అర్థం కాక అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ పబ్లిష్ జరగకూడదు. పబ్లిష్ అనుమతి ఇచ్చే టోకెన్ సీఐ (టెస్టులు, బిల్డ్‌లు దానంతటదే నడిపే వ్యవస్థ) దగ్గర మాత్రమే ఉంచండి.

రెండు, మీ ప్యాకేజీలు ఒకదానికొకటి పీర్ డిపెండెన్సీ అయి ఉంటే, కింద ఉన్న ప్యాకేజీలో చిన్న ఫీచర్ వచ్చినా పైనున్న ప్యాకేజీకి చేంజ్‌సెట్స్ మేజర్ వెర్షన్ ఇచ్చేస్తుంది, అంటే పాత కోడ్ విరగొచ్చని చెప్పే మొదటి అంకె పెంచేస్తుంది. దాని ధోరణే అంత. మా ఫారమ్స్ ప్యాకేజీ రెండు నెలల్లో 2 నుంచి 7కు పోయింది. యాప్ టీమ్ వాళ్లు "మీరేం చేస్తున్నారసలు?" అని భయపడ్డారు. రియాక్ట్ లాంటి బయటివాటికే పీర్ వాడండి. మీలో మీకు మామూలు డిపెండెన్సీ చాలు.

మూడు, ఇంట్లో వాడుకునేవే కదా అని వెర్షన్ 0.3, 0.4 దగ్గరే ఏళ్ల తరబడి ఉంచేస్తారు. 0తో మొదలయ్యే వాటి విషయంలో క్యారెట్ గుర్తు (^, 'దీనికి సరిపడే కొత్త వెర్షనైనా సరే' అని చెప్పేది) లెక్క వేరు. 0.3.1 అడిగినవాడికి 0.4.0 రాదు. బగ్ సరిచేసి 0.4గా వదిలితే అది ఎవరికీ చేరదు. తరలించే రోజునే అన్నిటినీ 1.0.0 చేసేయండి.

టర్బోరెపో, ఎన్‌ఎక్స్ ఎప్పుడు?

సీఐ పది నిమిషాలు దాటి జనం విసుక్కోవడం మొదలుపెట్టినప్పుడు. అప్పటిదాకా పీఎన్‌పీఎం ఫిల్టరే పని చేసిపెడుతుంది. "మెయిన్ బ్రాంచ్‌తో పోలిస్తే మారిన ప్యాకేజీలు, వాటిమీద ఆధారపడినవి, వీటికి మాత్రమే టెస్టులు నడుపు" అని చెప్పొచ్చు. ఆ "ఆధారపడినవి" అన్నది మరిచిపోకండి. ఫిల్టర్‌లో ముందు మూడు చుక్కలు పెట్టకపోతే మారిన ప్యాకేజీ టెస్టులు మాత్రమే నడుస్తాయి, దాన్ని వాడేవాటివి నడవవు. అప్పుడు ఒకే రెపోలో పెట్టిన ఉపయోగమే పోయింది. ఇంకోటి, గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకౌట్ మామూలుగా ఆఖరి కమిట్ ఒక్కటే తెస్తుంది. పోల్చడానికి పాత చరిత్ర ఉండదు. ఫెచ్ డెప్త్ 0 అని పెట్టాలి. దీనికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, మీకు పట్టకూడదని చెబుతున్నా.

రెండిట్లో ఏది అంటే, చిన్న టీమ్‌కు టర్బోరెపో సులువు. చేసిన బిల్డ్‌ను దాచిపెట్టి, ఇన్‌పుట్ మారకపోతే మళ్లీ చేయకుండా అదే ఇస్తుంది. ఎన్‌ఎక్స్ ఇంకా చాలా చేస్తుంది, ప్యాకేజీల మధ్య ఎవరు ఎవరిని వాడొచ్చో కూడా కాపలా కాస్తుంది. అయితే దాని పద్ధతులు నేర్చుకునే ఓపిక ఉండాలి. మీ లీడ్ ఇంతకుముందు ఎన్‌ఎక్స్‌తో పనిచేసిన మనిషైతే నా మాట కంటే ఆయన మాటే వినండి. తెలిసిన పనిముట్టే మంచిది.

క్యాష్ (అలా దాచిపెట్టిన బిల్డ్‌లు) గురించి ఒక హెచ్చరిక. బిల్డ్ ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (సర్వర్ అడ్రస్ లాంటి, బయటినుంచి ఇచ్చే సెట్టింగ్స్) మీద ఆధారపడుతుందో టర్బోరెపోకు చెప్పాలి. మేం చెప్పలేదు. స్టేజింగ్ (రిలీజ్‌కు ముందు పరీక్షించే) సర్వర్ అడ్రస్‌తో కట్టిన బిల్డ్ క్యాష్‌లో ఉండిపోయింది. ప్రొడక్షన్‌కు బిల్డ్ కొడితే "మార్పేమీ లేదు" అని సెకన్లలో అదే తీసి ఇచ్చింది. అబ్బ, ఎంత వేగం అని మురిసిపోయాం కూడా. అసలు కస్టమర్లకు టెస్ట్ డేటా కనిపించిందని సపోర్ట్ వాళ్లు ఫోన్ చేసేదాకా. 2.0 వెర్షన్ నుంచి చెప్పని వేరియబుల్స్‌ను టాస్క్‌కు అందనివ్వకుండా ఆపడం మామూలు పద్ధతి అయింది, కాబట్టి ఇప్పుడు ప్రమాదం తగ్గింది. అయినా ఆ జాబితా ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సిందే.

యాప్‌లను కూడా లోపలికి తేవాలా?

చివరికి తేవడమే మంచిదని నా అభిప్రాయం. యాప్‌లూ అదే రెపోలో ఉంటే పబ్లిష్ అవసరమే ఉండదు. వెర్షన్ ఉండదు, రిజిస్ట్రీ ఉండదు, పైన చెప్పిన చేంజ్‌సెట్స్ పురాణం సగం చదవక్కర్లేదు. ప్యాకేజీ ఎక్స్‌పోర్ట్స్‌ను నేరుగా టైప్‌స్క్రిప్ట్ ఫైళ్లకే చూపించి, యాప్ బండ్లరే (కోడ్ ఫైళ్లను బ్రౌజర్‌కు కట్టగట్టే పనిముట్టు) కంపైల్ చేసుకునేలా పెట్టొచ్చు. తేదీ బగ్ సరిచేసిన మరుక్షణం నాలుగు యాప్‌లకూ చేరుతుంది.

కానీ దానికి ఖరీదు ఉంది. మరుక్షణం చేరేది బగ్ ఫిక్స్ ఒక్కటే కాదు, కొత్త బగ్ కూడా. "మాకు ఈ నెల ఆ మార్పు వద్దు" అని చెప్పే వీలు ఏ యాప్‌కూ ఉండదు. నాలుగు యాప్‌లకూ టెస్టులు గట్టిగా లేకపోతే ఆ పని చేయకండి. అందుకే ముందు ప్యాకేజీలు, ఆర్నెల్ల తర్వాత ఎక్కువగా మారే యాప్ ఒకటి, తర్వాత మిగతావి.

తొమ్మిదీ నిజంగా కావాలా?

మీరు అడగలేదు కానీ చెబుతాను. రూపాయల ప్యాకేజీని ఒకసారి తెరవండి. 12,34,567 అని లక్షల్లో కామాలు పెట్టే పని బ్రౌజరే చేస్తుంది, ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు ఇంగ్లిష్-ఇండియా లొకేల్ ఇస్తే చాలు. మీ ప్యాకేజీలో మిగిలేది ఇరవై లైన్లేమో. దానికి విడి ప్యాకేజ్.జేసన్, విడి టెస్ట్ సెటప్, విడి వెర్షన్ ఎందుకు? 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ప్రపంచమంతటా బిల్డ్‌లు ఆగిపోయాయి. మీ ఇంట్లో ప్యాకేజీలను ఎవరూ తీసేయరు, నిజమే. కానీ ముక్కలు ఎక్కువయ్యేకొద్దీ వాటిని జతపరిచే పనే అసలు పనికంటే పెద్దదవుతుంది.

అలాగని అన్నిటినీ "కామన్" అనే ఒకే సంచిలో పోయకండి. మా మొదటి తరలింపులో అదే చేశాం. ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతిదీ అందులో పడింది, ఆఖరికి ఒక యాప్‌కు మాత్రమే సంబంధించిన జీఎస్‌టీ లెక్కలు కూడా. నేను ఇప్పుడు చూసేది ఒకటే, దేనికి ఏం తోడు కావాలి అని. రియాక్ట్ కావాల్సినవి ఒకచోట. ఏమీ అక్కర్లేని శుద్ధ ఫంక్షన్లు, అంటే తేదీలు, రూపాయలు, పాన్ సరిచూడ్డం, ఇవి ఒకచోట. వీటిని రేపు మీ నోడ్ బ్యాకెండ్ వాళ్లూ వాడుకోవచ్చు, రియాక్ట్ వెంట రాదు. ఈఎస్‌లింట్, టైప్‌స్క్రిప్ట్ సెట్టింగ్స్ ఒకచోట. ఏపీఐ కాల్స్ విడిగా. నాకైతే మీ తొమ్మిదీ నాలుగైదు అయ్యేలా ఉన్నాయి. కాకపోతే తరలింపు, కలపడం ఒకేసారి చేయకండి. ముందు ఉన్నవి ఉన్నట్టు తెచ్చి, ఒక నెల నడిచాక కలపండి.

వద్దనే ఆయన మాటలోనూ నిజం ఉంది

గిట్‌హబ్‌లో రెపో చదివే అనుమతి ఇస్తే మొత్తం రెపోకి ఇచ్చినట్టే. ఈ ఫోల్డర్ చూపించు, ఆ ఫోల్డర్ దాచు అనే వీల్లేదు. మీది సర్వీసెస్ కంపెనీ అయి, ఇద్దరు క్లయింట్ల కోడ్ ఉంటే రెండూ ఒకే రెపోలో పెట్టడానికి ఒప్పందాలే ఒప్పుకోవు. కాంట్రాక్ట్ మీద బయటివాళ్లు ఎక్కువగా పనిచేసే చోటా అంతే. కోడ్‌ఓనర్స్ ఫైల్ పెట్టి ఏ ఫోల్డర్‌ను ఎవరు రివ్యూ చేయాలో చెప్పొచ్చు, దాంతో మార్పుకు అదుపు ఉంటుంది కానీ చూపుకు ఉండదు. ఆయన అభ్యంతరం ఇదేనా అని ముందు అడగండి. "అలవాటు లేదు" అన్నదైతే నెలలో సర్దుకుంటారు.

తరలించే పని

చరిత్ర పోగొట్టుకోకండి. ఫైళ్లు కాపీ చేసి కొత్త రెపోలో ఒకే కమిట్‌గా పెట్టేస్తే, "ఈ వింత షరతు ఎందుకు రాశారు?" అని రేపు గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు రాశారో చూపేది) నొక్కినవాళ్లకు మీ పేరే కనిపిస్తుంది. మా మొదటి తరలింపు నేను అలాగే చేశాను. రెండేళ్ల పాటు ఎవరో రాసిన ప్రతి పాపానికీ నన్నే అడిగేవాళ్లు. గిట్ ఫిల్టర్ రెపో అనే పనిముట్టుతో ఒక్కో పాత రెపో చరిత్ర మొత్తాన్నీ దాని ఫోల్డర్‌లో ఉన్నట్టు తిరగరాసి, తర్వాత కొత్త రెపోలోకి మెర్జ్ చేయొచ్చు. చరిత్రలు వేరువేరు కాబట్టి గిట్ మొదట ఒప్పుకోదు, సంబంధం లేని చరిత్రలను అనుమతించు అనే ఆప్షన్ ఇవ్వాలి. ఇది తప్పకుండా కొత్తగా క్లోన్ చేసిన కాపీ మీదే చేయండి, పని చేసుకునే ఫోల్డర్‌లో కాదు.

మొదట ఈఎస్‌లింట్ సెట్టింగ్స్ ప్యాకేజీ తెండి. అది విరిగినా యూజర్లకేమీ కాదు. దాంతో ఇన్‌స్టాల్, సీఐ, పబ్లిష్ అన్నీ ఒక చుట్టు తిరిగి చూసుకోండి. తర్వాత వారానికి ఒకటో రెండో. హుక్స్, ఏపీఐ కాల్స్ ఆఖరికి. ప్యాకేజీల పేర్లు మార్చకండి, యాప్‌లలో ఒక్క ఇంపోర్ట్ కూడా మారనక్కర్లేదు. ఒక ప్యాకేజీ వచ్చిన రోజునే దాని పాత రెపోను ఆర్కైవ్ చేసి, కొత్తది ఎక్కడుందో రీడ్‌మీలో ఒక లైన్ రాయండి. "రెండు వారాలు రెండూ ఉంచుదాం" అన్నామంటే ఎవరో ఒకరు పాతదాంట్లో కమిట్ చేసి తీరతారు. మా దగ్గర చేసినవాడు టీమ్ లీడే.

లాక్‌ఫైల్ (ఇన్‌స్టాల్ కావాల్సిన కచ్చితమైన వెర్షన్ల జాబితా) ఒకటే అయ్యాక అందులో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లు తరచూ వస్తాయి. చేత్తో సరిచేయబోకండి. ప్యాకేజ్.జేసన్ ఫైళ్లలో కాన్‌ఫ్లిక్ట్ ముందు తీర్చి, పీఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే లాక్‌ఫైల్ సంగతి అదే చూసుకుంటుంది.

టైప్‌స్క్రిప్ట్ బిల్డ్ సెటప్ గురించి కూడా అడిగారు. టైప్‌స్క్రిప్ట్ సొంత కంపైలర్ టీఎస్‌సీ చాలా, టీఎస్‌అప్ అనే బండ్లర్ కావాలా అన్నది మీ యాప్‌లలో ఇంకా కామన్‌జేఎస్ (పాత మాడ్యూల్ పద్ధతి) అడిగేది ఏదైనా ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాలుగు యాప్‌లు ఏ బండ్లర్ మీద ఉన్నాయో కింద రాయండి, దానికి విడిగా చెబుతాను.